సడ్డర్ స్ట్రీట్‌లో ఆఖరి రోజు

ఉదయం ఏడు గంటలు దాటింది. కోల్‌కతాలో ఆచార్య జగదీశ్ చంద్రబోస్ రోడ్డు, 54ఏ నంబరు భవనం. అందరూ మదర్ హౌస్ అని పిలిచే చోటు. బ్రెడ్డు, అరటిపండు, టీ ముగించిన విదేశీ వలంటీర్లు గుమిగూడతారు. ఆ రోజుతో పని ముగించి వెళ్లిపోయేవాళ్లను మధ్యలోకి పిలిచి, మిగిలినవాళ్లు చప్పట్లు కొడుతూ ధన్యవాదాల పాట ఒకటి పాడతారు. ఏ దేశం వాళ్లయినా రెండు రోజుల్లో నేర్చేసుకోగలిగిన చిన్న పాట. నిన్నటిదాకా అందరితో గొంతు కలిపి హుషారుగా పాడినవాళ్లే ఇవాళ మధ్యలో నిలబడి ఎటు చూడాలో తెలియక తికమకపడతారు.

నెలల తరబడి ఇండియాలో తిరిగి, ఇంటికి విమానమెక్కే ముందు కోల్‌కతాలో మజిలీ చేసే విదేశీయుల్లో కొందరు చివరి రోజులను ఇలా సేవకు కేటాయిస్తారు. వాళ్లకు బస ఏర్పాటు చేయడం సంస్థ పని కాదు. అందుకే చాలామంది మకాం సడ్డర్ స్ట్రీట్‌లోని చవక గదుల్లో. 1814లో ఏర్పడిన ఇండియన్ మ్యూజియం పక్కనే ఉంటుందీ వీధి. ఇక్కడి పదో నంబరు ఇంట్లో ఉన్నప్పుడే ఒకరోజు చెట్ల మీదుగా ఉదయించే సూర్యుణ్ణి చూసి తన చూపే మారిపోయిందని రవీంద్రనాథ్ ఠాగూర్ స్మృతుల్లో రాసుకున్నారు. ఇప్పుడా వీధిలో సూర్యుడికంటే ముందు డబ్బు మార్చే దుకాణాల బోర్డులే కళ్లబడతాయి.

పాట అయిపోయినా పనికి సెలవు లేదు. వెళ్లిపోయేవాళ్లూ బస్సెక్కి కాళీఘాట్ చేరతారు. మరణానికి చేరువైన దిక్కులేనివారి కోసం 1952లో మదర్ థెరిసా నిర్మల్ హృదయ్‌ను ప్రారంభించింది అక్కడే. బట్టలు ఉతికి ఆరేయడం, ఒళ్లు తుడవడం, అన్నం తినిపించడం. ఇక్కడి సేవ మీద విమర్శలు తక్కువేమీ కాదు. రోగ నిర్ధారణ, నొప్పి నివారణ తగినట్టు లేవని 1994లో 'లాన్సెట్' వైద్య పత్రిక సంపాదకుడు రాబిన్ ఫాక్స్ స్వయంగా చూసి వచ్చి రాశారు. పది రోజులు ఉండి పోయే అపరిచితుల వల్ల రోగులకు ఒరిగేదేమిటన్నది మరో ప్రశ్న. సబబైన ప్రశ్నే. ఆఖరి రోజున ఎవరూ అడగకుండానే అది ఎదురొస్తుంది. రోజూ దగ్గర కూర్చుని ముద్దలు తినిపించిన మనిషికి రేపటి నుంచి రానని ఎలా చెప్పడం?

బెంగాలీలో అందుకో మాట ఉంది. మనం 'వెళ్తాను' అనకుండా 'వెళ్లొస్తాను' అన్నట్టే వాళ్లు గడప దాటేటప్పుడు 'ఆశ్చి' అంటారు. వస్తున్నానని అర్థం. పోయేవాడు వస్తున్నానంటాడేమిటని విదేశీయులకు మొదట విడ్డూరంగా ఉంటుంది. కొందరి విషయంలో అది అక్షరాలా నిజం. ఏటా సెలవు పెట్టుకుని మళ్లీ వచ్చేవాళ్లున్నారు. ఎక్కువమంది రారు. మంచం మీది మనిషికి ఆ సంగతి తెలియకపోవచ్చు. చెప్పేవాళ్లకు మాత్రం తెలుసు.

మధ్యాహ్నం నుంచి అంతా సామాన్ల గోల. 1874 నాటి న్యూ మార్కెట్ నాలుగడుగుల దూరమే. గంపలు పట్టుకుని వెంటపడే కూలీలను తప్పించుకుంటూ, పాత యూదుల బేకరీ నహూమ్స్‌లో ప్లమ్ కేకు కొనుక్కుని వస్తే, అప్పటికే ఉబ్బిపోయిన సంచిలో దానికి చోటుండదు. ఏదో ఒకటి తీసేయాల్సిందే.

బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2009లో, లుఫ్తాన్సా 2012లో కోల్‌కతా సర్వీసులు ఆపేశాక ఐరోపా వాసుల్లో చాలామంది దుబాయ్, దోహాల మీదుగానే ఇల్లు చేరుతున్నారు. 2025 ఆగస్టులో మెట్రో విమానాశ్రయం దాకా వచ్చింది. పార్క్ స్ట్రీట్‌లో ఎక్కి నోవాపాడాలో మారితే చాలు. కానీ అర్ధరాత్రి దాటాక బయలుదేరే విమానానికి మెట్రో అక్కరకు రాదు, టాక్సీయే గతి. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోవడంతో పసుపుపచ్చ టాక్సీలు ఏటికేడు తగ్గుతున్నాయి. దొరికితే అదృష్టం, బేరం కుదిరితే ఇంకా అదృష్టం.

సంచిలో పట్టనివన్నీ పక్క గదివాళ్లకు దక్కుతాయి: సగం వాడిన సబ్బు, దోమల చుట్టలు, బట్టలు ఆరేసుకునే తాడు. టాక్సీ దాకా వచ్చి సాగనంపడానికి వాళ్లకు ఓపిక ఉండదు. తెల్లారి ఏడింటికల్లా మదర్ హౌస్‌లో ఉండాలి.