‘సే అగైన్’ అనడం నేర్పే బడి

2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాక బేగంపేట విమానాశ్రయం మూగబోయిందనుకునేవాళ్లే ఎక్కువ. అక్కడి ఓ శిక్షణ సంస్థ గదిలో కాసేపు కూర్చుంటే ఆ మాట అనలేం. గోడవారనున్న రేడియో సెట్టు మాట్లాడుతూనే ఉంది. ఒక గొంతు టవర్‌ది, తక్కినవి పైన ఎగురుతున్న విద్యార్థులవి. విమానం నడపడం ఎలా నేర్పుతారో చూద్దామని వెళ్లిన నేను చాలాసేపు ఆ సెట్టు దగ్గరే ఉండిపోయాను.

“ముందు వినడం రావాలి సార్, మాట్లాడటం తర్వాత” అన్నారు శిక్షకురాలు. ఎవరిని పిలుస్తున్నాం, మనమెవరం, ఎక్కడున్నాం, ఏం కావాలి. ఇదీ వరస. ఈ నాలుగూ మనసులో కూర్చుకున్నాకే మైక్ బటన్ నొక్కాలి. టవర్‌కీ అన్ని విమానాలకీ కలిపి ఉండేది ఒకటే ఫ్రీక్వెన్సీ. ఊరంతటికీ ఒకే బావి, ఒకే చేద అన్నమాట. ఒకరు తోడుకుంటుంటే మిగతావాళ్లు ఆగాలి. ఒకరి మైక్ బటన్ ఇరుక్కుపోతే అందరి మాటా ఆగిపోతుంది. అందుకే అంతా ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోతే ముందు తన బటన్ చూసుకోవాలని ఇక్కడ మొదట్లోనే చెబుతారు.

విమానాల మాటలు నడిచేది 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య. పద్ధతి ఆకాశవాణి మీడియం వేవ్‌లో వాడే ఏఎం. ఎఫ్ఎం ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది కదా అని అడిగాను. ఎఫ్ఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన సిగ్నల్ రెండోదాన్ని పూర్తిగా మింగేస్తుంది. ఏఎంలో అయితే కీచుమంటుంది. ఎవరిదో మాట పోయిందని ఆ కీచు చెబుతుంది.

ఆ కీచు వినిపించినా ఆగకపోతే ఏమవుతుందో పాఠంగా చెప్పడానికి టెనెరిఫే ఉంది. 1977 మార్చి 27న ఆ స్పెయిన్ దీవిలో, పొగమంచు కమ్మిన రన్‌వే మీద కేఎల్ఎం, పాన్ అమెరికన్ సంస్థల బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. టేకాఫ్‌కు పరుగందుకున్న కేఎల్ఎం విమానాన్ని ఆగమంటూ టవర్ చెబుతున్న క్షణంలోనే, తామింకా రన్‌వే మీదే ఉన్నామని పాన్ అమెరికన్ సిబ్బందీ చెప్పారు. రెండు మాటలూ కలిసిపోయి కేఎల్ఎం కాక్‌పిట్‌లో కీచుశబ్దంగా మారాయి. పాన్ అమెరికన్ విమానం ఇంకా రన్‌వే దాటలేదా అని ఫ్లయిట్ ఇంజినీర్ అడిగాడు. దాటిందని కెప్టెన్ తేల్చేశాడు. ఆ తర్వాత నియమాలు మారాయి. అసలు అనుమతి ఇచ్చేటప్పుడో, దాన్ని రద్దు చేసేటప్పుడో తప్ప ‘టేకాఫ్’ అనే మాట వాడకూడదు. మిగతా అన్నిచోట్లా ‘డిపార్చర్’ అనే అనాలి.

గదిలో మరో మూల ఇద్దరు విద్యార్థులు సాధన చేస్తున్నారు. ఒకరు టవర్, ఒకరు పైలట్. టవర్ అంకెలు చెబితే పైలట్ అవే అంకెలు తిరిగి చెప్పాలి. దీన్నే రీడ్‌బ్యాక్ అంటారు. రన్‌వే సంఖ్య, ఎత్తు, గాలి పీడనం వంటివి తిరిగి చెప్పకపోతే ఒప్పుకోరు. పీడనం 1008 అని చెబితే 1018 అని విని మీటర్లో పెట్టుకుంటే, అది చూపించే ఎత్తు కన్నా విమానం సుమారు 300 అడుగులు కిందే ఎగురుతుంటుంది. ఒక్క అంకె తేడాకు అంత పడిపోతాం. అందుకే అంకెలన్నీ విడివిడిగా పలికిస్తారు.

మనవాళ్లకు అన్నిటికన్నా కష్టమైనది ఏమిటని అడిగితే, యాస అంటారనుకున్నాను. “మొహమాటం సార్” అన్నారామె. ‘అర్థమైందా’ అనగానే ‘అర్థమైంది’ అని తలూపడం చిన్నప్పటినుంచీ మన తరగతి గదుల్లో అలవాటు. మళ్లీ అడిగితే మొద్దు అనుకుంటారని భయం. అదే భయంతో పైకి వెళ్తే టవర్ చెప్పింది సగం విని ‘రోజర్’ (విన్నాను) అనేస్తారు. అందుకే కొత్తవాళ్లకు ఆమె కావాలనే గబగబా, గొణుగుతూ సూచనలిస్తారు. ‘సే అగైన్’ (మళ్లీ చెప్పండి) అనేదాకా వదలరు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన ఓ అమ్మాయి, ఆ రెండు మాటలూ నోట రావడానికే తనకు చాలా రోజులు పట్టిందని నవ్వింది.

కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరడంతోపాటు రేడియో పరీక్ష కూడా నెగ్గాలి. అంతకుముందు టెలికాం శాఖ చేతిలో ఉన్న ఆ పరీక్షను, 2025 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ అనే చట్టం పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు అప్పగించింది.

రేడియోనే చచ్చిపోతే? విమానం ఆచూకీని రాడార్‌కు తెలిపే ట్రాన్స్‌పాండర్‌లో, రేడియో పోయిందని చెప్పే 7600 కోడ్ పెట్టి టవర్ వైపు చూడాలి. అక్కడి నుంచి దీపంతో సైగ చేస్తారు. నిలకడైన పచ్చ అంటే దిగొచ్చు. నిలకడైన ఎరుపు అంటే ఇంకొకరికి దారిచ్చి చుట్టూ తిరుగుతుండాలి. మెరిసే ఎరుపు అంటే దిగొద్దు. పగలైతే రెక్కలూపి, చూశామని బదులివ్వాలి.

రేడియో ఉంది కదా అని కళ్లు మూసుకుంటే కుదరదు. 2025 జులైలో కెనడాలోని స్టైన్‌బాక్ దగ్గర ఒకే సంస్థలో నేర్చుకుంటున్న ఇద్దరు విద్యార్థుల విమానాలు దిగేవేళ గాల్లో ఢీకొన్నాయి. రెండింటిలోనూ రేడియోలున్నాయి. ఇద్దరూ చనిపోయారు, వాళ్లలో ఒకరు కేరళ యువకుడు. అందుకే ఇక్కడి బోర్డు మీద వరస ఇలా రాసి ఉంది: ముందు విమానం నడుపు, తర్వాత దారి చూసుకో, ఆ తర్వాత మాట్లాడు.

పిల్లల్ని పైలట్లను చేయాలని లక్షలు పోగుచేస్తున్న తల్లిదండ్రులకు ఒక మాట. సంస్థను చూడటానికి వెళ్లినప్పుడు విమానాలెన్ని, ఫీజెంత అని అడగండి. దాంతోపాటు కాసేపు వాళ్ల రేడియో గదిలో కూర్చోండి. ‘మళ్లీ చెప్పండి’ అన్న విద్యార్థిని విసుక్కునే చోట మీ పిల్లల్ని చేర్చకండి.