వెంట్రుకవాసి సందు

కొలత అంటే అంకె రాసుకోవడమేనని మీరు అనుకుంటున్నారా? నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను.

1999 మార్చిలో మా కాలువగట్టు మీది ఆయిల్ ఇంజన్ హెడ్డును లేత్ షాపులో గీయించాం. తిరిగి నేనే బిగించాను. పుష్‌రాడ్లు పాతవే కదా అని వాల్వుల సందు కొలవలేదు. ఇంజన్ నడిచింది. ఆరో రోజుకు బలం తగ్గింది. మర్నాడు స్టార్టు కాలేదు. దాళ్వా వరి పొట్టదశలో ఉంది. నాన్నగారు నన్ను ఒక్క మాటా అనలేదు.

మెకానిక్ హెడ్డు విప్పాడు. ఎగ్జాస్టు వాల్వు అంచు కాలిపోయి ఉంది. "హెడ్డు గీస్తే రాకర్ కిందికి దిగుతుంది బాబూ. పాత పుష్‌రాడే పొడుగైపోతుంది" అన్నాడు.

వేడికి వాల్వు సాగుతుంది. సందు లేకపోతే అది పూర్తిగా మూసుకోదు. మండే వాయువు అంచు పక్కనుంచి దూసుకుపోతుంది.

అతను కొత్త వాల్వు వేసి, చల్లగా ఉన్న ఇంజన్ ఫ్లైవీల్ తిప్పి, కంప్రెషన్‌లో పిస్టన్ పైకి వచ్చేలా ఆపాడు. అప్పుడు రెండు వాల్వులూ మూసి ఉంటాయి. ఇంజన్ పుస్తకంలో చెప్పిన మందం గల ఫీలర్ గేజిని రాకర్ కింద పెట్టాడు. అది కాస్త పట్టుగా జారేలా స్క్రూ తిప్పి, నట్టు బిగించాడు. బిగించాక మళ్ళీ కొలిచాడు.

ఆ ఏడు అర ఎకరం తాలు పోయింది.

ఒక భాగం మారితే పాత కొలతలన్నీ మళ్ళీ చూసుకోవాలి. మీ పనిలో అలా మళ్ళీ కొలవవలసినది ఏమిటో ఆలోచించి రాయండి.