యార్క్‌లో ఉన్ని లెక్కలు

ఫిబ్రవరి 12

వైకింగ్ ఉత్సవం మొదలైంది. యార్క్ వీధుల నిండా డాళ్ళు, గొడ్డళ్ళు, జడలల్లిన గడ్డాలు. దుకాణాల్లో పిల్లలకు కొమ్ముల టోపీలు అమ్ముతున్నారు. వేషం కట్టినవాళ్ళకు ఆ టోపీ కనబడితే ఒళ్ళు మంట. వైకింగులు కొమ్ముల శిరస్త్రాణం పెట్టుకున్నారనడానికి ఆధారం లేదు. 1876లో బైరాయిట్‌లో వాగ్నర్ సంగీత నాటకాలు ఆడినప్పుడు, దుస్తులు రూపొందించిన కార్ల్ ఎమిల్ డోప్లర్ తగిలించిన కొమ్ములవి. మన తెర మీద రావణుడికి ఆ కిరీటం ఎవరు పెట్టారో కూడా ఎప్పుడైనా ఆరా తీయాలి.

ఫిబ్రవరి 13

కత్తియుద్ధం దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. ఉన్ని గుడారం దగ్గర మాత్రం నేనూ, మా అమ్మాయీ, ఒక ముసలాయనా, ఆయన కుక్కా.

యాభై దాటిన ఆవిడ ఒకరు నిలబడి ఉన్ని వడుకుతున్నారు. కదురు ఆవిడ వేళ్ళ కింద గాలిలో వేలాడుతూ గిర్రున తిరుగుతోంది. దాని కొసన మట్టి బిళ్ళ. ఆ బరువే తిరుగుడును నిలబెడుతుంది. వేళ్ళ సందున ఉన్ని జారుతూ పోగవుతోంది. చెయ్యి చాచినంత పొడవు రాగానే కదురుకు చుట్టి మళ్ళీ తిప్పుతారు. నడుస్తూ వడకవచ్చు, గొర్రెలు కాస్తూ వడకవచ్చు, కబుర్లు చెబుతూ వడకవచ్చు. కబుర్లు చెబుతూనే ఉన్నారు.

"రాట్నం పెట్టుకోలేదేం?" అన్నాడు ముసలాయన.

"నేనుండేది పదో శతాబ్దంలోనండీ. ఇంకో మూడు వందల ఏళ్ళు ఆగాలి."

రాట్నం యూరప్‌లో వాడుకలోకి వచ్చింది పదమూడో శతాబ్దంలోనే. వీళ్ళ పట్టింపులన్నీ ఇలాగే ఉంటాయి. అల్లిక సూదులు నిషిద్ధం, చేతిగడియారం నిషిద్ధం. లోపలి కుట్లు మిషను మీద వేసుకున్నా, పైకి కనబడే కుట్టు చేతికుట్టే అయ్యుండాలి. ఆవిడ కళ్ళద్దాలు నడుముకున్న తోలు సంచిలో ఉన్నాయి. ధర చదవాల్సి వస్తే గుడారం వెనక్కి వెళ్ళి పెట్టుకుంటున్నారు.

బట్టల సంగతి అడిగాను. లోపల నార చొక్కా, పైన భుజాల దగ్గర పట్టీలున్న ఉన్ని గౌను. పట్టీలను పట్టి ఉంచేవి ఛాతీ మీద రెండు కంచు పిన్నులు, తాబేటి చిప్పల్లా ఉబ్బెత్తుగా. వాటి మధ్య పూసలు. స్వీడన్‌లో బిర్కా సమాధుల్లో ఇలాంటి పిన్నులు చాలా దొరికాయి. గుడ్డంతా మట్టిలో కలిసిపోయినా, కంచు చిలుము తగిలినచోట మాత్రం బెత్తెడు పీలికలు మిగిలాయి. జౌళి పరిశోధకురాలు ఆగ్నెస్ గైయెర్ వాటిని పరిశీలించి 1938లో పుస్తకంగా వేసింది. ఉన్ని వడికే ఆవిడ తన పిన్ను చుట్టూ రెండు అంగుళాల మేర వేలితో గీసి చూపించారు. "ఇంతవరకు సాక్ష్యం. కిందికి వేలాడేదంతా మా ఊహ." అందుకే పక్క గుడారంలో ఒకామె గౌను ముందువైపు తెరిచి ఉంది, ఈవిడది గొట్టంలా మూసి ఉంది. ఇద్దరికీ దీని మీద ఏళ్ళుగా మాటల్లేవట. నవ్వుతూనే చెప్పారు గానీ, నిజమే అనిపించింది.

నాకు నచ్చింది ఈ బెత్తెడు నిజాయితీ. మన చారిత్రక సినిమాల్లో ఏ పట్టుచీర ఎంతవరకు సాక్ష్యమో, ఎక్కణ్ణుంచి ఊహో చెప్పినవాళ్ళు లేరు.

ఫిబ్రవరి 14

అమ్మకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అమ్మ పాలమూరు జిల్లా మనిషి. వినీ వినీ ఒకటే అడిగింది.

"ఆమెకు దినానికి ఎంతిస్తరే?"

"ఏం ఇయ్యరమ్మా. ఆమెది వేరే కొలువు. ఆఫీసుల లెక్కలు రాస్తది. సెలవు పెట్టుకొని వచ్చింది."

"కూలి లేని పనికి సెలవా! మా ఊరి కురుమోళ్లు వింటే నవ్విపోతరు."

తర్వాత తనే మెత్తబడి వాళ్ళ ఊరి సంగతులు ఎత్తుకుంది. నల్లగొర్ల బొచ్చు కత్తిరించుడు, ఆడోళ్లు వడుకుడు, చింతగింజల గంజి పట్టిచ్చుడు, గుంట మగ్గం మీద గొంగడి నేసుడు. ఇప్పుడు మాంసం కోసం అందరూ నెల్లూరు గొర్రెలనే పెంచుతున్నారు. వాటికి ఒంటి మీద ఉన్నే ఉండదు. ఇక్కడ ఇంగ్లండు రైతులదీ అదే గోల. ఉన్ని అమ్మితే వచ్చేది, కత్తిరించినవాడి కూలికే చాలని రోజులు. గుడారంలో మెచ్చుకునేవాళ్ళున్నారు, దొడ్డి దగ్గర కొనేవాడు లేడు.

ఫిబ్రవరి 15

వాన. రంగుల కుండలు టార్పాలిన్ కిందికి జరిపారు. టార్పాలిన్ ఏ శతాబ్దానిదని ఎవరూ అడగలేదు.

ఎరుపు కుండలో ఉన్నది మన మంజిష్ఠకు దగ్గరి చుట్టమైన మొక్క వేరు. మొదటిసారి ముంచిన ఉన్ని ఇటుక ఎరుపు, రెండోసారి నారింజ, రంగు అడుగంటాక ముంచింది లేత గులాబీ. నీలం కుండలో వోడ్ అనే ఆకు. పాతకాలంలో దాన్ని పులిసిన మూత్రంలో ఊరబెట్టేవారని చెప్పగానే పిల్లలంతా ఒక్కసారి ముక్కులు మూసుకున్నారు. ఆ ఆకులో ఉన్నదీ మన నీలిమందులో ఉన్నదీ ఒకటే రంగు, పాళ్ళే తేడా. సముద్రం మీద మన నీలి వచ్చిపడ్డాక వోడ్ రైతులు గగ్గోలు పెట్టారు. 1609లో ఫ్రాన్సు రాజు నాలుగో హెన్రీ నీలిమందు వాడితే మరణశిక్ష అన్నాడు. అయినా చివరికి మన నీలే గెలిచింది. ఆ గెలుపు మన రైతుకు ఏం మిగిల్చిందన్నది వేరే కథ.

మరొకటి. రంగు నిలవడానికి మనం పటిక వాడతాం. యార్క్ తవ్వకాల్లో దొరికిన ఒక నాచులాంటి మొక్క బ్రిటన్‌లో పెరగదు. దాన్ని స్కాండినేవియా నుంచి తెప్పించుకునేవారు. అల్యూమినియం పీల్చుకునే గుణం ఉండడంతో పటిక పని అదే చేసేది. వైకింగులు తాము పట్టుకున్న నగరానికి తమ అద్దకం సరుకు కూడా మోసుకొచ్చారన్నమాట.

ఫిబ్రవరి 16

రైల్లో రసీదు వెనక లెక్క వేశాను. ఓ మోస్తరు గుడ్డకు సెంటీమీటరుకు పడుగు పది పోగులు, పేక పది. చదరపు మీటరుకు పడుగు వెయ్యి మీటర్లు, పేక వెయ్యి. వెరసి రెండు కిలోమీటర్ల దారం. డెన్మార్క్‌లో లేయ్రె దగ్గర పాత నమూనా కదుళ్ళతో వడికి చూస్తే, చెయ్యి తిరిగినవాళ్ళకు గంటకు 35 నుంచి 50 మీటర్లు వచ్చింది. అంటే చదరపు మీటరుకు తక్కువలో తక్కువ 40 గంటలు. నాలుగు చదరపు మీటర్ల అంగీకి 160 గంటలు. ఇది వడకడం ఒక్కటే. కడగడం, దువ్వడం, నేయడం, అద్దడం, కుట్టడం ఇందులో లేవు.

ఇక తెరచాప. రోస్కిల్డె ఓడల మ్యూజియం వాళ్ళు పాత సరుకు ఓడకు నకలు కట్టి, ఓట్టర్ అని పేరు పెట్టి, 90 చదరపు మీటర్ల ఉన్ని తెరచాప ఎత్తారు. నా రసీదు లెక్కన 180 కిలోమీటర్ల దారం, 3600 గంటలు. నేత పలచన చేసి సగానికి తగ్గించినా 1800 గంటలు. 866లో వైకింగ్ సైన్యం యార్క్‌ను పట్టుకుందని బళ్ళో చెబుతారు. ఆ ఓడల తెరచాపలు ఎన్ని ఇళ్ళలో, ఎన్ని చలికాలాలు వడికితే తయారయ్యాయో ఏ పాఠంలోనూ లేదు. గొడ్డలి చేసే కమ్మరి మాత్రం ప్రతి పుస్తకంలో ఉంటాడు.

ఫిబ్రవరి 17

యోర్విక్ వైకింగ్ మ్యూజియానికి వెళ్ళాం. 1976-81 మధ్య యార్క్‌లోని కాపర్‌గేట్ వీధిలో తవ్వినచోటే 1984లో దీన్ని తెరిచారు. తడి నేల కాబట్టి తోలు, కర్ర, ఉన్ని కుళ్ళకుండా మిగిలాయి. వాటిలో పదో శతాబ్దపు మేజోడు ఒకటి. రెండు సూదుల అల్లిక కాదది. ఒకే ఎముక సూదితో బొటనవేలి మీద ముడుల్లో ముడులు వేస్తూ పోవడం. దారం అయిపోతే కొసలు ఉమ్మితో తడిపి అరచేతుల మధ్య రుద్ది అతుకుతారు. ఎక్కడ కత్తిరించినా ఊడిరాదు. ఆ కుట్టుకు ఇప్పుడు యార్క్ పేరే. చెప్పులో తొడుక్కునే పొట్టి మేజోడు. ఎవరు పారేశారో. పెద్దలు దాని దగ్గర ఆగారు. పిల్లలు ఆగింది మాత్రం 1972లో ఒక బ్యాంకు స్థలంలో దొరికిన వైకింగ్ కాలపు శిలాజ మలం దగ్గర.

ఫిబ్రవరి 18

ఆఖరి రాత్రి యుద్ధం. చచ్చిపోవాల్సినవాడు కాస్త పొడి చోటు చూసుకుని మరీ పడ్డాడు. తడిసిన ఉన్ని దుప్పటి ఆరడానికి రెండు రోజులు పడుతుందట.

అమ్మాయికి వచ్చే ఏడు వైకింగ్ వేషం కావాలట. గుడారం ఆవిడను సలహా అడిగాను. గుడ్డ మిల్లుదైనా ఫరవాలేదు, గులాబీ రంగు మాత్రం వద్దన్నారు. గులాబీయే కావాలని రైల్లో పేచీ. అడుగంటిన ఎరుపు కుండలోంచి వచ్చింది గులాబీయే కదా అని నేనూ అమ్మాయి పక్షమే.