మందు కూరని బల్ల

ఐర్లండులో పిల్లల్ని పెంచుతున్న మన తెలుగువాళ్ళందరికీ దీపావళి వచ్చేసరికి ఒక ఇబ్బంది ఎదురవుతుంది. లక్ష్మీపూజ చేస్తాం, అసోసియేషన్ వాళ్ళ హాల్లో పులిహోర తింటాం, పిల్లలు డాన్సులు వేస్తారు. కానీ కాల్చడానికేమీ ఉండదు. ఇక్కడ మామూలు జనం కొనుక్కోగలిగింది ఎఫ్1 తరగతి సరుకే. అంటే పార్టీ పాపర్లు, క్రిస్మస్ క్రాకర్ల లాంటివి. మిగతావి లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. అమ్మడానికి పెట్టుకున్నారని తేలితే 10,000 యూరోల వరకు జరిమానా, అయిదేళ్ళ వరకు జైలు. ఇక ఇంట్లో మందు కలపడం సంగతి సరేసరి! (మందంటే ఆ మందు కాదండోయ్, బాణసంచా మందు.) 1875 నాటి పేలుడు పదార్థాల చట్టమే ఇప్పటికీ ఇక్కడ ఆధారం.

2024లో దీపావళి సరిగ్గా హాలోవీన్ రోజే పడింది. ఆ రాత్రి కార్క్‌లో మా కాలనీ వెనకాల ఎవరో కుర్రాళ్ళు దొంగచాటుగా తెచ్చినవి కాలుస్తూనే ఉన్నారు. ఏటా ఆ రోజుల్లో గార్డాలు 'ఆపరేషన్ టాంబోలా' అని దాడులు చేస్తారు, అయినా మోత ఆగదు. మా పన్నెండేళ్ళవాడు కిటికీ దగ్గర నిలబడి, "నాన్నా, తాతయ్య ఇంట్లోనే చేసేవారన్నావు కదా! మనం షెడ్డులో చేసుకుందామా? వీడియోలున్నాయి" అన్నాడు.

వాడికా కథలు చెప్పింది నేనే. పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో దసరా వెళ్ళగానే మా తాతయ్య వసారాలో మామిడి చెక్క బల్ల వేసేవారు. పాత నోటు పుస్తకాల కాగితాలు మైదా జిగురుతో చుట్టి మతాబు గొట్టాలు చేయడం పిల్లల పని. చిచ్చుబుడ్లకి మట్టి బుడ్లు కుమ్మరి ఇచ్చేవాడు. సురేకారం, గంధకం, బొగ్గు, పువ్వులు రాలడానికి బీడు రజను, అన్నీ వేరువేరు పళ్ళాల్లో బల్ల మీద వరసగా ఉండేవి. ఏదైనా విడిగా దంచాల్సిందే, అదీ కొయ్య రోకలితోనే. ఇనుము తగలకూడదు. బీడీ కాల్చేవాళ్ళు గడప అవతలే. దీపం పెట్టే వేళకి బల్ల ఖాళీ చేసి తుడిచేయాలి. ఇంత పట్టింపు మనిషి పేకాటలో మాత్రం ఎలా డబ్బు పోగొట్టుకునేవారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇంతవరకే చెబుతూ వచ్చాను వాడికి. ఆ రాత్రి మిగతాది కూడా చెప్పాను. ఒక ఏడు తాతయ్య పొలానికి వెళ్ళినప్పుడు మా బాబాయి, అప్పటికి పంతొమ్మిదేళ్ళు, తొందరగా తేలిపోతుందని రెండు మూడు రకాలు కలిపి దంచాడు. చప్పుడికి మేం పరిగెత్తుకెళ్ళేసరికి వసారా నిండా తెల్లటి పొగ. కుడి చెయ్యి కాలింది, కుడి కన్ను పోయింది. ఆ మరుసటి ఏడు నుంచి ఆ బల్ల మీద మందు కూరలేదు. నానమ్మ దాన్ని వంటింట్లో ఆవకాయ జాడీలకి వేయించుకుంది. బాబాయి తరవాత బాగానే బతికాడు, పిల్లల పెళ్ళిళ్ళు చేశాడు. ఫోటో తీస్తామంటే మాత్రం ఎప్పుడూ ఎడమవైపు తిరిగి నిలబడేవాడు.

మావాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత "మరి తాతయ్య అంత జాగ్రత్తగా ఎలా చేశారు?" అన్నాడు. మంచి ప్రశ్నే. జవాబు మా ఇంటికి దగ్గర్లోనే ఉంది కాబట్టి ఆ ఆదివారం వాణ్ణి తీసుకెళ్ళాను.

బాలిన్‌కాలిగ్ పార్కులో పిల్లల్ని ఆడించడానికి మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. లీ నది పక్కన చెట్ల మధ్య ఆ శిథిలాలు ఏమిటని ఎప్పుడైనా ఆలోచించారా? అది తుపాకి మందు కర్మాగారం. 1794లో చార్లెస్ హెన్రీ లెస్లీ అనే ఆయన మొదలుపెట్టాడు. నెపోలియన్‌తో యుద్ధాల కాలంలో, 1805లో, బ్రిటిష్ సైన్యం కోసం ప్రభుత్వం కొనేసింది. యుద్ధం అయిపోగానే 1815లో మూతపడింది. మళ్ళీ 1830లలో ప్రైవేటువాళ్ళు తెరిచి 1903 దాకా నడిపారు. జోరుగా నడిచిన రోజుల్లో సుమారు 500 మంది పని చేసేవారట. గంధకం సిసిలీ నుంచి వచ్చేది. సురేకారం? మన దేశం నుంచి! బీహారు పల్లెల్లో మట్టిని నీళ్ళలో వడగట్టి, కాచి తీసిన సురేకారం కలకత్తా రేవులో ఓడెక్కి ఇంత దూరం వచ్చేది. ఈ మాటకి మావాడి కళ్ళు పెద్దవయ్యాయి. మనకంటే ముందు ఐర్లండుకి వలస వచ్చిన భారతీయ సరుకన్నమాట.

వాడికి మరీ నచ్చింది ఆ కట్టడాల తీరు. ఒక్కో పని ఒక్కో చోట, ఒకదానికొకటి దూరంగా. ఒకటి పేలితే రెండోది అంటుకోకుండా మధ్యలో మందపాటి రాతి గోడలు, చెట్లు. సరుకుని కాలవల్లో పడవల మీద తీసుకెళ్ళేవారు. ఇలాంటి మిల్లుల్లో పనివాళ్ళ చెప్పులకి ఇనుప మేకులు ఉండకూడదు, జేబులో అగ్గిపెట్టె ఉందేమోనని వెతికేవారు. "సేమ్ యాజ్ తాతయ్య!" అన్నాడు వాడు. అంత కట్టుదిట్టం చేసినా పేలుళ్ళు జరిగాయని, మనుషులు పోయారని కూడా చెప్పాను.

చెయ్యొద్దని చెప్పి ఊరుకుంటే పిల్లలు వీడియోల దగ్గరికే పోతారు. అందుకని ఆ చలికాలం షెడ్డులో ఒక బల్ల కడదామన్నాను. మా ఆవిడ "ముందు ఆ సైకిళ్ళు సర్దండి" అంది. సైకిళ్ళు సర్దడానికే రెండు వారాలు పట్టింది. పక్కింటి పెద్దాయన వడ్రంగం చేసి రిటైరైన మనిషి. బల్ల ఎత్తు నిలబడినప్పుడు మణికట్టు దగ్గరికి రావాలన్నాడు. కొలత మావాడికి తీద్దామా నాకు తీద్దామా అని వాదన వస్తే, నాకే తీసి, వాడికి కింద చెక్క పీట వేశాం. ఏటా పెరిగే పిల్లాడికి ఏటా బల్ల కట్టలేం కదా! ఫోర్ బై టూ దుంగలతో కాళ్ళు, పైన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్. బల్ల ఊగకుండా గోడవైపు చట్రానికి బిగించాం. పెద్దాయన తన పాత వైసు ఇచ్చి, "నీదే, బాయ్" అన్నాడు. కార్క్ వాళ్ళకి అందరూ బాయే, నాకు నలభై ఆరేళ్ళు.

ఈ దేశపు తడికి ఇనుప సామాను వారంలో తుప్పు పడుతుంది. ఉలి, చిత్రిక వాడగానే నూనె గుడ్డతో తుడవాలి. ప్రతి పనిముట్టుకీ గోడ మీద మేకు, దాని చుట్టూ పెన్సిలుతో దాని బొమ్మ గీశాడు మావాడు. ఏది తిరిగి రాలేదో చూడగానే తెలుస్తుంది. రంపం పట్టుకుంటే కళ్ళద్దాలు తప్పనిసరి. ఈ నియమం ఎందుకో వాడికి చెప్పక్కర్లేకపోయింది. చీకటి పడేలోపు బల్ల తుడవాలన్నది మాత్రం వాడే పెట్టాడు.

మొదటి పనిగా ఏం చేద్దామంటే మా అమ్మ ఫోన్లో "ఆకాశదీపం చెయ్యండిరా, కార్తీకమాసం వస్తోందిగా" అంది. 2025లో దీపావళి ముందే వచ్చేసింది, స్కూళ్ళకి మిడ్‌టర్మ్ సెలవులు కార్తీకంలో పడ్డాయి. సన్న పైన్ పట్టీలు సగం సగం కోసి ఒకదాంట్లో ఒకటి కూర్చాం. మొదటి మూడు అతుకులూ వదులు, నాలుగోది బిగిసింది. ఇక ఊడదీయడానికి వీల్లేకుండా బిగిసింది. పసుపు, ఎరుపు టిష్యూ కాగితాలు మా చిన్నది అతికించింది. నూనె దీపమే పెడదామని నేను, నవంబరు గాలికి అంతా అంటుకుంటుందని మా ఆవిడ. చివరికి బ్యాటరీ దీపం పెట్టాం. బట్టలారేసే కంబానికి కప్పీ కట్టి తాడుతో పైకి లాగాం.

రెండో రోజు రాత్రే గాలివానకి కాగితం చిరిగింది. చట్రం మాత్రం అతుకు కదల్లేదు. మావాడు దాన్ని దింపి, షెడ్డులో వైసుకి బిగించి, ఈసారి కాగితం బదులు పలచటి ప్లాస్టిక్ వేద్దామని కొలతలు తీస్తున్నాడు.