నీటి క్రింది గని

ఉర్దూ శాఖ విద్యార్థులును, తెలుగు శాఖ విద్యార్థులును కలిసి ఏటేట ఒక విజ్ఞానయాత్రకు వెళ్లుట మా కళాశాలలో ఆనవాయితీ. పానగల్లు, పిల్లలమర్రి, దేవరకొండ, అలంపురము – ఇవన్నియు ఇంతకు పూర్వమే చూచినాము. ఈ ఫిబ్రవరిలో మాత్రము చరిత్ర విద్యార్థులు ఒక వింత కోరిక కోరినారు. కోహినూరు పుట్టినదని చెప్పుకొను కొల్లూరు గనిని చూడవలెనట. కమిటీ పెద్దలు బస్సు కిరాయికి అనుమతి ఇచ్చిన తరువాతగాని మాకు అసలు సంగతి తెలియలేదు. కొల్లూరు నీటిలో ఉన్నది. 2013లో ప్రారంభమైన పులిచింతల జలాశయము ఆ గ్రామమును తనలో కలుపుకొన్నది.

యాత్ర మానుకొందమని కొందరన్నారు. మా తెలుగు మాస్టారు మాత్రము "గని కనపడకపోయినను గని చుట్టు ఉన్న దేశము కనపడును గదా, పదండి" అన్నారు. కృష్ణకు ఆవలి ఒడ్డున, నేటి పల్నాడు జిల్లాలో కొల్లూరు. ఈవలి ఒడ్డు మన పాత నల్లగొండ జిల్లా. ఈ ఒడ్డుననే దిగువకు ప్రయాణము చేయవలెనని నిశ్చయించినాము.

తెల్లవారకముందే బయలుదేరి మిర్యాలగూడ మీదుగా వాడపల్లి చేరినాము. హైదరాబాదు నడుమనుండి వచ్చిన మూసీ ఇచ్చట కృష్ణలో కలియును. నరసింహస్వామి ఆలయములో రెండు దీపములున్నవి. స్వామి ముఖమునకు ఎదురుగా ఉన్న దీపము కదలుచుండును, క్రింది దీపము నిశ్చలముగా ఉండును. అది స్వామి ఉచ్ఛ్వాస నిశ్వాసముల వలన అని అర్చకులు చెప్పినారు. భౌతికశాస్త్ర విద్యార్థి ఒకడు గాలి ఏ కిటికీనుండి వచ్చుచున్నదా అని చాలసేపు వెదకినాడు. అతనికి కిటికీ దొరకలేదు. మేమును అతనిని తొందరపెట్టలేదు.

అక్కడనుండి జాన్‌పహాడ్ దర్గా. జనులు జాన్‌పాడు సైదులు అని పిలుచుకొందురు. ప్రతి సంవత్సరము జనవరిలో జరుగు ఉర్సు అప్పటికే ముగిసినది. అయినను వేపచెట్ల క్రింద పొయ్యిలు వెలుగుచునే ఉన్నవి. మ్రొక్కుబడి ఉన్నవారు కుటుంబ సమేతముగా వచ్చి, మేకను కోసి కందూరు చేయుచున్నారు. బొట్టు పెట్టుకొన్న తల్లులు మజారు వద్ద కొబ్బరికాయ, చక్కెర పట్టుకొని నిలిచియున్నారు. మా తరగతిలోనే ఇద్దరు సైదులులు, ఒక సైదమ్మ ఉన్నారు. ముగ్గురును హిందువులే. ఈ దర్గాకు మ్రొక్కిన తరువాత పుట్టినందున ఆ పేర్లు వచ్చినవి. మన జిల్లాలో ఎవరికిని ఇది వింతగా తోచదు. పరాయి ప్రాంతమునుండి వచ్చిన మిత్రుడొకడు మాత్రము ఆశ్చర్యపడినాడు. అతని ఆశ్చర్యమును చూచి మేము ఆశ్చర్యపడినాము. ఎవరో పిలిచి మాకును కందూరు అన్నము పెట్టినారు. మట్టపల్లి నరసింహుని దర్శనము త్వరత్వరగా ముగించి, హుజూర్‌నగర్ బాట పట్టినాము. దారిపొడుగున సిమెంటు కర్మాగారములకు సున్నపురాయి మోయు లారీలు. గనులు ఈ సీమను విడిచిపోలేదు. వజ్రము పోయి సున్నపురాయి వచ్చినది, అంతే.

బస్సులో మా మాస్టారు కొల్లూరును గూర్చి చెప్పినారు. మచిలీపట్నమునందలి ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్ 1622లో కృష్ణ దరిని వజ్రపు గనిని చూచి, అచ్చట ముప్పదివేలమంది పనిచేయుచున్నారని వ్రాసినాడు. తరువాత వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే కొల్లూరులో అరువదివేలమందిని చెప్పినాడు. అతని గ్రంథము 1676లో అచ్చయినది. ఒక పేదవాడు చిరుధాన్యము విత్తుటకు నేల త్రవ్వుచుండగా మొదటి రాయి దొరికినదని అతడు విన్న కథ. గోలకొండ వజ్రములని లోకము పిలుచునవి గోలకొండ కోటలో దొరికినవి కావు. అది సంత, ఇది నేల.

పని జరిగిన తీరు వినుచుండగా మాకు ఇంటి కల్లము జ్ఞాపకము వచ్చినది. రెండడుగుల ఎత్తు గోడ కట్టి ఒక మడి చేయుదురు. పురుషులు త్రవ్వగా స్త్రీలు, పిల్లలు మట్టి మోసి అందులో పోయుదురు. నీరు పోసి, ఆ మట్టి బురదయై కరగిన తరువాత, గోడ అడుగున ఉంచిన కంతలు తెరచి నీటిని విడుతురు. మిగిలినదానిని ఎండబెట్టి, ధాన్యమువలె చేటలతో చెరిగి, గడ్డలను కర్రలతో దంచి, మరల చెరిగి, చదును చేసి కన్నులతో వెదకుదురు. కూలిని గూర్చి కూడ తావెర్నియే వ్రాసినాడు. వేరొక గనిలో పని తెలిసిన మనిషికి సంవత్సరమునకు మూడు వరహాలు దక్కెడివట.

బస్సులో కొంతసేపు ఎవ్వరును మాట్లాడలేదు. తావెర్నియే భారతదేశమునుండి కొనిపోయి 1668లో పదునాలుగవ లూయీ రాజునకు అమ్మిన నీలి వజ్రము ఈ కొల్లూరుదే అని పలువురి నమ్మకము. దానిని మరల సానబట్టగా నిలిచినదే నేడు వాషింగ్టన్ ప్రదర్శనశాలలోనున్న హోప్ వజ్రము. దాని బరువు 45.52 క్యారట్లని దశాంశముతో సహా చెప్పగలము. అరువదివేలమందిలో ఒక్కరి పేరు చెప్పలేము. అప్పుడు పాలమూరునుండి వచ్చి చదువుకొనుచున్న మిత్రుడు నెమ్మదిగా అన్నాడు: "మా తాత, మా అవ్వ నాగార్జునసాగర్ కట్టపై రాయి మోసినరు. మా ఊరోళ్లు ఎన్ని డ్యాములు కట్టిన్రో లెక్కలేదు. ఏ శిలాఫలకం మీదనూ మా పేర్లు లేవు." అతడు కోపముతో అనలేదు. లెక్క చెప్పినట్లు అన్నాడు.

జలాశయము కేవలము కొల్లూరును మాత్రమే ముంచలేదు. ఈవలి ఒడ్డున కూడ పల్లెలు పోయినవి. ఉర్దూ శాఖలోని మా మిత్రుని నాయనమ్మది అట్టి పల్లె. దూదేకులవారి ఇల్లు; ఇంటిలో తెలుగే మాటలాడుదురు. పునరావాస కాలనీలోని వారి ఇంటి ముందు బస్సు ఆగినది. మేము వజ్రపు గని చూచుటకు వచ్చినామనగానే ఆమె నవ్వింది.

"వజ్రం నేనెన్నడు సూడలే బిడ్డా. చిన్నప్పుడు వాన వెలిస్తే మెరిసే రాళ్లకు ఏట్లె దేవులాడెటోళ్లం. అన్నీ పలుగురాళ్లే."

తరువాత లోనికి వెళ్లి కాగితపు పొట్లములో మల్లెలు, ఒక అగరుబత్తీల కట్ట తెచ్చినది. మనుమని చేతిలో పెట్టి, "మీ తాత ఆడ్నే ఉన్నడు. ఖబ్రస్తాన్ తోలుకరాలేకపోతిమి. ఇవి ఇచ్చిరా" అన్నది. ఇల్లు పోయినందుకు ఆమె ఒక్క మాట అనలేదు.

ఒడ్డు చేరునప్పటికి ప్రొద్దు వాలినది. ఎదుట కొండలు, నడుమ సముద్రమువంటి నీరు. ఆవల కొల్లూరు ఎక్కడ ఉండెడిదో ఒక జాలరి చేయి చాచి చూపినాడు. అచ్చటను నీరే. ఇంత దూరము వచ్చినది దీనికా అని కొందరు గొణిగినారు. నిజము చెప్పవలెనన్న మాలో చాలమందికి మొదట అట్లే అనిపించినది. ఫొటోలు తీయుటకు ఒక శిథిలమైనను లేదు.

మిత్రుడు చెప్పులు విడిచి మోకాలిలోతు నీటిలోనికి దిగినాడు. ఎటువైపు తిరగవలెనో తెలియక జాలరిని అడిగినాడు. అతడు మునిగిన పల్లె జాడ చెప్పినాడు. మిత్రుడు అటు మొగమై ఫాతిహా చదివినాడు. మేము తలలు కప్పుకొన్నవారము కప్పుకొని, లేనివారము ఊరక నిలిచి ఉన్నాము. పాలమూరు మిత్రుడు తన తువ్వాలును తలకు చుట్టుకొన్నాడు. మల్లెలు కొంతదూరము పోయి, అల వెంట మరల మా కాళ్ల వద్దకే వచ్చినవి. మిత్రుడు వాటిని ఏరి మరికొంత లోతుకు పోయి విడిచినాడు.

అగరుబత్తీలు వెలిగించుట కష్టమైనది. నీటిమీది గాలికి అగ్గిపుల్లలు ఒకటి వెంట ఒకటి ఆరిపోయినవి. నలుగురము దగ్గరగా చేరి చేతులతో, పుస్తకములతో, ఒకరి దుప్పటితో చాటు కట్టినాము. డ్రైవరు రెండుమారులు హారన్ మ్రోగించినాడు. పెట్టెలో రెండు పుల్లలు మిగిలియుండగా అంటుకొన్నది. తడి మట్టిలో గ్రుచ్చి, అది నిలుచునో లేదో చూచుచు కొంతసేపు అక్కడనే కూర్చున్నాము.