ముద్దగా మారిన పల్లీ



ఈ మధ్య మీ ఉత్తరాల సంచీ విప్పితే చాలు, ఏదో ఒక మూల పీనట్ బటర్ తగులుతోంది. "జిమ్‌కి వెళ్లే మా వాడు సీసాలు సీసాలు ఖాళీ చేస్తున్నాడు, మంచిదేనా?" అని ఒక తల్లి. "నాకు షుగర్ ఉంది, తినొచ్చా?" అని రిటైరైన ఒక మాస్టారు. "ఏడు నెలల మనవడికి అది నాకించమని అమెరికాలో డాక్టరమ్మ చెప్పిందట, ఆవిడకి మతి గానీ పోయిందా?" అని ఒక అమ్మమ్మగారు. అందరికీ కలిపి ఈ ఉత్తరం. అమ్మమ్మగారూ, డాక్టరమ్మ మతికి ఏమీ కాలేదు. ఆ సంగతికి వస్తాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు జిమ్ అబ్బాయి. సీసా మీద 'హై ప్రోటీన్' అని పెద్దక్షరాలతో ఉంటుంది కదా, దాన్ని వెనక్కి తిప్పి చిన్నక్షరాలు చదవమనండి. రెండు టేబుల్ స్పూన్లు, అంటే 32 గ్రాముల పీనట్ బటర్‌లో సుమారు 190 క్యాలరీలు, 16 గ్రాముల కొవ్వు, 7 గ్రాముల ప్రోటీన్, 2 గ్రాముల పీచు ఉంటాయి. లెక్క కడితే క్యాలరీల్లో నాలుగింట మూడు వంతులు కొవ్వు నుంచి వచ్చేవే. ఒక కోడిగుడ్డు 70, 75 క్యాలరీల్లోనే 6 గ్రాముల ప్రోటీన్ ఇస్తుంది. కాబట్టి పీనట్ బటర్‌ని ప్రోటీన్ కూడా ఉన్న కొవ్వు పదార్థం అనుకుంటే సరిపోతుంది. పైగా పల్లీ ప్రోటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. బియ్యంలోనూ అదే తక్కువ. ఆ లోటు తీర్చేది కందిపప్పు. సీసా కొన్నాం కదా అని పప్పన్నం మానేస్తే పొరపాటే.

కొవ్వు అనగానే కంగారు పడకండి. అందులో దాదాపు సగం ఓలిక్ ఆమ్లం, ఆలివ్ నూనెలో ఉండేదీ ఇదే. దానికి తోడు నయాసిన్, విటమిన్ ఇ, మెగ్నీషియం చెప్పుకోదగ్గంత ఉన్నాయి. ఇవేవీ పీనట్ బటర్ సొంత గొప్పలు కావు, అన్నీ పల్లీవే. అనంతపురం రైతు పండించే గింజలో, మీరు ఇడ్లీలోకి చేసే చట్నీలో, సీమ ఇళ్లలోని ఊరిబిండిలో ఉన్న సరుకే సీసాలోనూ ఉంది. మరి తేడా ఎక్కడ? గింజని ముద్ద చేయడంలో. నన్నడిగితే అసలు కథంతా అక్కడే ఉంది.

పల్లీలు నమిలి తినడానికి సమయం పడుతుంది, దవడ నొప్పెడుతుంది, గుప్పెడు తినేసరికి చాలనిపిస్తుంది. ఎంత నమిలినా కొన్ని పలుకులు సరిగ్గా నలగవు. వాటిలోని నూనె కొంత ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది. గింజలు తిన్నవాళ్ల మలంలో, ముద్ద తిన్నవాళ్లకంటే ఎక్కువ కొవ్వు కనబడిందని పరిశోధకులు చాలాకాలం కిందటే కొలిచి చూశారు. ముద్దకి ఆ అడ్డేమీ లేదు. మనం నమలాల్సింది మిషనే నమిలి పెట్టింది. చెంచాతో నోట్లో వేసుకుంటే నేరుగా లోపలికే. టీవీ చూస్తూ సీసాలోంచి తింటే 400 క్యాలరీలు ఎటు పోయాయో కూడా తెలియదు. బరువు పెరగాలనుకునే బక్కపలచని పిల్లలకి ఇది వరం. తగ్గాలనుకునే వారు మాత్రం చెంచాతో కొలిచి తీసుకుని, సీసా మూత పెట్టేసి, అప్పుడు తినడం మొదలుపెట్టాలి.

మాస్టారూ, మీ ప్రశ్న. 2002లో అమెరికాలో 83 వేల పైచిలుకు నర్సుల ఆహారపుటలవాట్లు గమనించిన ఒక అధ్యయనం వచ్చింది. వారానికి ఐదుసార్లో అంతకన్నా ఎక్కువో పీనట్ బటర్ తిన్నవారిలో టైప్ 2 మధుమేహం, తినని వారితో పోలిస్తే ఐదో వంతు తక్కువగా కనిపించింది. సంతోషమే. అయితే 2015లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన పెద్ద అధ్యయనం ఇంకోమాట చెప్పింది. పల్లీలు, ఇతర గింజలు రోజూ కొద్దిగా తినేవారిలో మరణాలు తక్కువ, పీనట్ బటర్ తినేవారిలో మాత్రం అలాంటి తేడా లేదు. కలిపిన ఉప్పు, హైడ్రోజనేటెడ్ నూనెలు కారణం కావచ్చని వారి అనుమానం. రెండూ మనుషుల అలవాట్లు చూసి రాసుకున్న లెక్కలే తప్ప, ఇది తింటే అది జరుగుతుందని తేల్చినవి కావు. తేలిన సంగతొకటి ఉంది. ఇందులో పిండి పదార్థం తక్కువ, అందుకని రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. జొన్నరొట్టె మీద ఒక చెంచా రాసుకోండి. చాక్లెట్ కలిపినవి, తేనె కలిపినవి మీకు వద్దు.

ఏం కలిపారో తెలియాలంటే లేబుల్ చూడాలి, దాని గురించి ఒక ముచ్చట. అమెరికాలో పీనట్ బటర్ అని పేరు పెట్టాలంటే అందులో పల్లీలు ఎంత ఉండాలన్నదాని మీద ప్రభుత్వానికీ కంపెనీలకీ ఏళ్ల తరబడి తగాదా నడిచింది. 90 శాతం అని ప్రభుత్వం, 87 చాలని కంపెనీలు. మూడు శాతం కోసం అంత రభస! చివరికి 1971లో 90 ఖాయమైంది. మన దగ్గర మీరు చేయాల్సింది తేలిక. దినుసుల పట్టికలో ఎక్కువ బరువున్నది ముందు రాయాలన్నది నియమం. పల్లీ తర్వాత వెంటనే చక్కెర, పామాయిల్ కనిపిస్తే ఆ సీసా అరలోనే పెట్టేయండి. పల్లీ, ఉప్పు, అంతే ఉంటే తెచ్చుకోండి.

ఇంకో సంగతి కొంచెం భయపెట్టేది. పల్లీలు తింటుంటే చేదు గింజ తగిలిందనుకోండి, వెంటనే ఊసేస్తాం. ముద్దలో ఆ అవకాశం లేదు. చేదు గింజ వందలో కలిసిపోతుంది. పంట చివర్లో వాన ఎగ్గొట్టినప్పుడు, కాయలు సరిగ్గా ఆరనప్పుడు ఒక రకం బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్ష టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వాటికి పెట్టిన పల్లీ చెక్క అని తేలింది. ఆ విషానికి పేరు పడింది కూడా ఆ తర్వాతే. ఇది కాలేయానికి చేటు, వేయించినా పూర్తిగా పోదు. అనంతపురం లాంటి కరువు నేలలకి ఈ బెడద ఎక్కువ కాబట్టే పటాన్‌చెరులోని ఇక్రిశాట్ చవకగా పరీక్షించే పద్ధతి తయారుచేసింది. ఇంట్లో పల్లీలు వాడేటప్పుడు ముడతలు పడ్డవి, నల్లబడ్డవి, బూజు వాసన వచ్చేవి ఏరి పారేయండి. పశువులకి కూడా వేయకండి.

అమ్మమ్మగారూ, మీ వంతు వచ్చింది. పసివాళ్లకి పల్లీ పెడితే ఎలర్జీ వస్తుందని ఒకప్పుడు డాక్టర్లే వద్దన్నారు. బ్రిటన్‌లోని యూదుల పిల్లల్లో పల్లీ ఎలర్జీ ఎక్కువగా, ఇజ్రాయెల్‌లోని యూదుల పిల్లల్లో దాదాపు పదోవంతే ఉండడం చూసి పరిశోధకులకి సందేహం వచ్చింది. ఇజ్రాయెల్‌లో పసిపిల్లలు బంబా అనే పల్లీ చిరుతిండి తింటూ పెరుగుతారు. ఎలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న 640 మంది పసివాళ్లను తీసుకుని, సగం మందికి పల్లీ పెట్టి, సగం మందిని దూరంగా ఉంచారు. ఐదేళ్ల వయసుకి, తిననివారిలో నూటికి 17 మందికి ఎలర్జీ వచ్చింది, తిన్నవారిలో ముగ్గురికే. 2015లో ఈ ఫలితాలు రాగానే సలహా తలకిందులైంది. అయితే ఒళ్లంతా తామర ఉన్నా, గుడ్డు పడకపోయినా ముందు డాక్టరుకి చూపించి తీరాలి. మొదటిసారి కొంచెమే, పాలల్లోనో నీళ్లల్లోనో పల్చగా కలిపి పెట్టాలి. గట్టి ముద్ద గొంతుకి అడ్డం పడుతుంది. విడి పల్లీ గింజలైతే ఐదేళ్లు వచ్చేదాకా దగ్గరకి రానివ్వకండి.

ముద్ద చేయడం వల్ల ప్రాణాలు నిలిచిన చోటు కూడా ఉంది. తీవ్ర పోషకాహార లోపంతో చిక్కిపోయిన పిల్లలకి ఒకప్పుడు పాలపొడి నీళ్లలో కలిపి ఇచ్చేవారు. శుభ్రమైన నీళ్లు లేని చోట అదే రోగాలు తెచ్చేది. ఫ్రాన్స్‌కి చెందిన ఆండ్రే బ్రియాండ్ అనే వైద్యుడు 1990ల్లో పల్లీ ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిపి ఒక పొట్లం రూపొందించారు. పేరు ప్లంపీనట్. 92 గ్రాముల్లో 500 క్యాలరీలు. నీళ్లు అక్కర్లేదు, వండక్కర్లేదు. తడి లేదు గనక క్రిములు పెరగవు, తల్లి ఇంట్లోనే పెట్టుకోవచ్చు. 2005 నైజర్ కరువులో వేలాదిమంది పిల్లలు దీంతోనే కోలుకున్నారు.

ఇంట్లో చేసుకోవడం ఎలా అని అడిగినవాళ్లూ ఉన్నారు. సన్నని సెగ మీద పల్లీలు వేయించి, గోరువెచ్చగా ఉండగానే మిక్సీ చిన్న జార్‌లో వేయండి. చుక్క నీళ్లు కూడా తగలకూడదు. మొదట పొడి అవుతుంది, తర్వాత అంచులకి అతుక్కుని ముద్ద కడుతుంది, అక్కడే చాలామంది ఆపేస్తారు. ఆపకండి. మోటారు వేడెక్కకుండా మధ్యమధ్య ఆగుతూ తిప్పితే నూనె వదిలి జారుగా వస్తుంది. పొట్టు తీయకపోతే కాస్త పీచు మిగులుతుంది, రంగు మాత్రం ముదురుతుంది. ఫ్రిజ్‌లో పెట్టుకోండి. రెండు రోజులకి పైన నూనె తేలుతుంది. ఒంపేయకండి, అడుగుదాకా చెంచా పెట్టి కలుపుకుంటే సరి.

ఉంటాను.