మోసుకెళ్లిన మూటలో ఏముంది?

గత శీతాకాలంలో మా మేనల్లుడు హైదరాబాదు నుంచి ఖమ్మంలోని మా ఇంటికి ఒక ప్రశ్నల పత్రంతో వచ్చాడు. విశ్వవిద్యాలయంలో అతడు ఎంచుకున్న అంశం నాకు మొదట వింతగా తోచింది. ఎంతో దూరం కాలినడకన వెళ్లేవారు తమ వెంట ఏమేమి మోసుకెళతారు? అందులో ఏది అక్కరకు వచ్చింది, ఏది బరువుగా మిగిలింది? మొత్తం ఇరవై నాలుగు ప్రశ్నలు. మొదటిది పేరు, రెండవది ఊరు, మూడవది "ఎప్పుడు బయలుదేరారు?" ఆ తరువాతివన్నీ చెప్పులు, సంచి, గుడారం, నీటి సీసా వంటివాటి గురించి.

ఈ ఆలోచన అతడికి అమెరికా కాలిబాటల గురించి చదువుతుండగా కలిగిందట. అక్కడ అపలాచియన్ బాట సుమారు 3,500 కిలోమీటర్లు, పసిఫిక్ క్రెస్ట్ బాట దాదాపు 4,265 కిలోమీటర్లు ఉంటాయి. వాటిని నెలల తరబడి నడిచి పూర్తిచేసినవారిని ఏటా ఇలాంటి ప్రశ్నలే అడుగుతారు. వారు ఉత్సాహంగా జవాబులిస్తారు. బయలుదేరే ముందు తమకంటే ముందు నడిచినవారి జవాబులు చదివి తామూ మేలు పొందినవారే కదా! మూట తేలిక కావాలని టూత్‌బ్రష్ పిడిని సగానికి కోసుకునేవారు కూడా వారిలో ఉన్నారు. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల వృద్ధురాలు అపలాచియన్ బాటను ఒంటరిగా నడిచింది. ఆమె కాళ్లకు మామూలు గుడ్డ బూట్లు, భుజాన స్వయంగా కుట్టుకున్న సంచి. అందులో ఒక దుప్పటి, వాన తగలకుండా కప్పుకోవడానికి స్నానాల గది తెర.

"మామూ, మన ప్రాంతంలో అంత దూరం నడిచేవారు ఎవరున్నారు?" అని అడిగాడు. "భద్రాచలం అవతలికి వెళదాం పద" అన్నాను.

ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. కొత్తగూడెం వద్ద సింగరేణి బొగ్గు నేల, పాల్వంచ వద్ద విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు. ఆ తరువాత కిన్నెరసాని వైపు నుంచి టేకు, తునికి, ఇప్ప చెట్లు దారికి దగ్గరగా జరిగివస్తాయి. బస్సు కిటికీలోంచి చూస్తే ఈ అడవి ప్రశాంతంగా కనిపిస్తుంది. కాని 'సర్వే' అనే మాటకు ఈ నేల మీద పాత చరిత్ర ఉంది. 1819లో జార్జ్ ఎవరెస్ట్ అనే యువ అధికారి కృష్ణా, గోదావరి నదుల నడుమ అడవులను కొలవడానికి వచ్చి, తన పరివారంతో సహా అడవి జ్వరం పాలయ్యాడు. కొందరు ప్రాణాలతో తిరిగి వెళ్లలేదు. 1865లో ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరానికి ఆయన పేరు పెట్టారు. ఆయన బరువైన పరికరాలను భుజాన మోసి, ఈ అడవుల్లో నడిచిన కూలీల పేర్లు మనలో ఎవరికి తెలుసు? వారి మూటల్లో ఏముండేదో ఎవరు అడిగారు?

సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కగానే నాకు మా నానా జ్ఞాపకం వచ్చారు. ఈ వంతెన 1965లో వచ్చింది. అంతకు ముందు ఆయన బట్టల మూట నెత్తిన పెట్టుకుని పాల్వంచ నుంచి నడిచివచ్చి, పడవలో నది దాటి, ఆవలి గట్టు సంతల్లో అమ్ముకునేవారు. ఆయన నడిచిన రోజులను మేము ఒక్క పూటలో దాటేశాము. ఆ మాట మేనల్లుడితో చెప్పాను. "నానాగారు వెంట ఏమేమి తీసుకెళ్లేవారు మామూ?" అన్నాడు. బట్టలు తప్ప మరేదీ నాకు తెలియదు. పదేళ్ల వయసు వరకు ఆయన ఒడిలో పెరిగి కూడా నేను అడగలేదు.

భద్రాచలం నుంచి చర్లకు వెళ్లే దారి చిత్రమైనది. ఎటపాక చేరితే ఆంధ్రప్రదేశ్. కొంత దూరం పోతే దుమ్ముగూడెం మండలం, మళ్లీ తెలంగాణ. చర్ల దాటి అడవిలోకి సాగితే ఛత్తీస్‌గఢ్. పటంలోని ఈ గీతలు కాలినడకన వచ్చేవారికి కనిపించవు. సంత రోజున తెల్లవారకముందే అడవి దారుల వెంట జనం వరుసగా వస్తారు. కొందరి భుజాన కావడి, కొందరి తలపై గంప, భుజానికి వేలాడే సొరకాయ బుర్రలో నీళ్లో జావో. వీరిలో గుత్తికోయలు ఎక్కువ. 2005లో బస్తర్ ప్రాంతంలో సల్వాజుడుం మొదలైన తరువాత, ఇరువైపుల హింసకు తాళలేక వందలాది కుటుంబాలు అడవుల మీదుగా నడిచి ఈ వైపునకు వచ్చాయి. అమెరికా బాటలో నడిచేవారికి ఇంటికి తిరిగివెళ్లే తేదీ ఉంటుంది. వీరికి అది లేదు.

కోయభాష తెలిసిన ఒక స్థానికుడు మాకు తోడుగా వచ్చాడు. సంత చివర చింతచెట్టు కింద కూర్చున్న ఒక పెద్దాయన వద్దకు తీసుకెళ్లాడు. మేనల్లుడు నమస్కరించి, పత్రం తీసి, పేరు అడిగాడు. పెద్దాయన చెప్పలేదు. ఊరు అడిగాడు. చేత్తో అడవి వైపు చూపించాడు. "ఎప్పుడు బయలుదేరారు పెద్దయ్యా?" అనగానే చుట్టూ ఉన్న నలుగురూ లేచి నిలబడ్డారు. పెద్దాయన మాత్రం నెమ్మదిగా ఒకే ప్రశ్న వేశాడు. తోడువచ్చిన వ్యక్తి దాన్ని తెలుగులో చెప్పాడు: "ఈ కాగితం ఎవరి చేతికి పోతుంది?"

మేనల్లుడి వద్ద జవాబు లేదు. విశ్వవిద్యాలయం అన్నాడు. అక్కడి నుంచి ఎక్కడికి అన్నారు. నిజం చెప్పాలంటే అతడికీ తెలియదు.

ఆ మూడవ ప్రశ్న ఎంత బరువైనదో నేను దారిలోనే అతడికి చెప్పి ఉండవలసింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం, సాగుచేసుకుంటున్న అటవీ భూమిపై గిరిజనులు హక్కు కోరాలంటే 2005 డిసెంబరు 13కు ముందు నుంచే ఆ భూమి వారి స్వాధీనంలో ఉండాలి. విహారానికి నడిచేవారికి బయలుదేరిన తేదీ ఒక తీపి గుర్తు. వీరికి అదే తేదీ గుడిసె నిలుస్తుందా కూలుతుందా అన్నది తేల్చగలదు. అటువంటప్పుడు, చేతిలో కాగితం పట్టుకుని వచ్చిన అపరిచితుడికి ఎవరు జవాబు చెబుతారు?

మనకూ ఇది పూర్తిగా కొత్త కాదు. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు పాఠకుల ఇళ్లలోనూ ఎంత హడావుడి జరిగిందో గుర్తుండే ఉంటుంది. లెక్కలో లేకపోతే ఏమవుతుందోనని దూర ప్రాంతాల నుంచి పరుగున వచ్చినవారున్నారు. చెబితే ఏమవుతుందోనని గొంతు తగ్గించి మాట్లాడుకున్నవారూ ఉన్నారు. అడిగేవాడికి అది గడి నింపడమే. చెప్పేవాడు మాత్రం తన జీవితంలో ఒక ముక్కను పరాయి చేతుల్లో పెడుతున్నాడు. అప్పగించిన వస్తువే కాదు, అప్పగించిన మాట కూడా అమానతే.

మేనల్లుడు కొంతసేపు మౌనంగా కూర్చున్నాడు. తరువాత వారి ఎదుటే కలం తీసి పేరు, ఊరు, తేదీ అడిగే మూడు ప్రశ్నలను అడ్డంగా కొట్టివేశాడు. చెప్పడం ఇష్టం లేకపోతే మానవచ్చని, చెప్పిన తరువాత వద్దనుకుంటే కాగితం అక్కడే చించివేస్తానని అన్నాడు. పెద్దాయన ఏమీ అనలేదు. పక్కనున్న ఒక ముసలమ్మ మాత్రం నవ్వి అతడి వీపు సంచి వైపు వేలు చూపింది. ముందు నీ మూట విప్పు అని ఆమె భావం.

విప్పాడు. రెండు జతల బట్టలు, వానకోటు, ఫోనుకు విద్యుత్తు నింపే పెట్టె, బిస్కెట్లు, మూడు నీటి సీసాలు. నీటి సీసాలను చూసి ఆమె మళ్లీ నవ్వింది. అడుగడుగునా వాగులున్న చోటికి నీళ్లు మోసుకొచ్చేవాడిని ఆమె ఎన్నడూ చూడలేదట. ఆ నవ్వులో అందరం కలిశాము. అప్పుడు ఆమె తన మూట గురించి చెప్పసాగింది.

ఒక సిల్వర్ గిన్నె, గొడ్డలి, గుడ్డలో కట్టిన విత్తనాలు, వీపున పసిబిడ్డ. చెప్పులు లేవు. తాటాకు గిడుగు తెచ్చుకున్నా, రాత్రివేళ ఆకుల చప్పుడు వినిపిస్తుందని దారిలోనే వదిలేసింది. కోడిపెట్టను కూడా అదే భయంతో వదిలేసింది. రోలు తేలేకపోయింది, ఇప్పటికీ మనసు దాని మీదే ఉంది. ఏది అన్నిటికంటే ఎక్కువగా పనికివచ్చిందని అడిగితే, ఆలోచించకుండా విత్తనాలు అంది. మేనల్లుడి పత్రంలో చెప్పులకు నాలుగు గడులున్నాయి, గుడారానికి ఐదు గడులున్నాయి. వదిలివచ్చినవాటికి ఒక్క గడి కూడా లేదు. అతడు కాగితం వెనుకవైపు తిప్పి రాసుకున్నాడు.

ఆ సాయంత్రానికి మరో ఆరుగురు వారంతట వారే వచ్చి చెప్పారు. పెద్దాయన చివరిదాకా తన సంగతి చెప్పలేదు. మేము లేచేటప్పుడు మాత్రం రెండు సీతాఫలాలు చేతిలో పెట్టి పంపించాడు.

తిరుగు ప్రయాణంలో మేనల్లుడితో హైమెండార్ఫ్ గురించి మాట్లాడాను. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నిజాం రాజ్యంలో ఉండిపోయిన ఆ ఆస్ట్రియా పండితుడు పాపికొండల కొండరెడ్ల మధ్య నివసించి, వారి జీవనంపై 1945లో గ్రంథం వెలువరించాడు. ముందు వారితో కలిసి ఉన్నాడు, ఆ తరువాతే రాశాడు. "నేను ముందే రాసుకుని వచ్చాను మామూ" అన్నాడు మేనల్లుడు.

ఖమ్మం చేరేసరికి ఇషా వేళ దాటింది. అమ్మీ మేలుకునే ఉంది. భోజనం చేస్తూ అడిగాను: "అమ్మీ, నానా సంతకు పోయేటప్పుడు బట్టలు గాక ఇంకేమి తీసుకెళ్లేవారు?"

ఆమె నా వైపు, మనవడి చేతిలోని కాగితం వైపు మార్చి మార్చి చూసింది. "ఎవరికిరా ఈ వివరాలు?" అంది.

చింతచెట్టు కింద విన్న ప్రశ్నే అది. ఈసారి మేనల్లుడు తడబడలేదు. "మనకే నానీ. మీరు సరేనంటేనే మరొకరికి" అన్నాడు.

అమ్మీ కొంతసేపు గోడ వైపు చూసింది. ఇత్తడి లోటా అంది. గజం బద్ద, జానిమాజ్, గుడ్డలో రెండు జొన్నరొట్టెలు. ఇంకా, మొలకు ఒక పొడవాటి దారం. నానాకు చదువు రాదు. ఎవరు ఎంత బాకీయో ఆ దారానికి ముడులు వేసుకునేవారు. ఏ ముడి ఎవరిదో ఆయనకు తప్ప మరెవరికీ తెలిసేది కాదు. ఆయన కన్నుమూసిన రోజున నానమ్మ ఆ దారాన్ని విప్పించలేదు, ఎవరినీ అడగలేదు.

మేనల్లుడు రాసుకుంటున్నాడు. పైన పేరు అని ఉన్నచోట అప్పటికే అడ్డగీత ఉంది.